గిరిసోల దాటాక లారీ యాక్సిడెంట్: బండి ఆంధ్రది, కేసు ఒడిశాలో. ఏ పని ముందు?

గంజాం_బామ్మర్ది

అందరికీ నమస్కారం. మా బావగారి పది చక్రాల లారీ, ఏపీ నంబరు. పలాస నుంచి కటక్‌కి జీడిపప్పు లోడు. ఈ రోజు తెల్లవారుజామున 16వ నంబరు హైవే మీద గిరిసోలకీ బరంపురానికీ మధ్య ఒక బైకుని కొట్టి డివైడర్ ఎక్కి ఆగింది. బైకు కుర్రాడికి 24 ఏళ్లు, కాలు విరిగింది, ప్రాణభయం లేదన్నారు. మా క్లీనర్‌కి మణికట్టు దగ్గర విరిగింది. డ్రైవరు పారిపోలేదు, ఠాణాలోనే ఉన్నాడు. లారీ ఇంకా స్పాట్‌లోనే ఉంది, ముందు భాగం నుజ్జయింది.

బావగారు దారిలో ఉన్నారు, అంతవరకూ చూసుకోవలసింది నేనే. ఒడియా మాట్లాడతాను గానీ చదవలేను. బండి తియ్యమని పోలీసులు, ఇన్సూరెన్స్ వాళ్లు చూసేదాకా కదపొద్దని బావగారు. కుర్రాడి తరఫు పెద్దలు 50,000 ఇస్తే కేసు లేకుండా చూస్తామంటున్నారు. లోడు వేరే బండికి ఎక్కించవచ్చా? లారీ మళ్లీ చేతికి ఎప్పుడొస్తుంది?

కచేరీ_వీధి

ముందు ఫోటోలు. బండి కదలకముందు నాలుగు మూలల నుంచి, రెండు నంబరు ప్లేట్లు, రోడ్డు మీద టైరు గీతలు, బైకు పడి ఉన్న చోటు, దగ్గర్లోని కిలోమీటరు రాయి. ఒక్క వీడియో ఆపకుండా బండి చుట్టూ తిరిగి తియ్యండి, లొకేషన్ ఆన్‌లో పెట్టి. అది అయ్యాక పోలీసులు తియ్యమంటే తియ్యండి. హైవే మీద లేను మూసుకుని ఉన్న లారీని రెండో బండి వచ్చి గుద్దితే ఆ కేసు కూడా మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇప్పుడు డ్రైవరు సంగతి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాడికి వైద్యం అందేలా చూడాలి, పోలీసు అడిగిన వివరాలు ఇవ్వాలి, అక్కడ పోలీసు లేకపోతే 24 గంటల్లోపు దగ్గర్లోని ఠాణాలో చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. మీ వాడు ఉన్నాడు కాబట్టి మొదటి గండం గడిచినట్టే. చదివేవాళ్ల కోసం ఇంకో మాట: జనం కొట్టడానికి వస్తే అక్కడే నిలబడి దెబ్బలు తినమని చట్టం చెప్పలేదు. గుంపు కోపానికి జడిసి తప్పుకోవడాన్ని ఆ సెక్షనే ఒప్పుకుంటుంది. కాకపోతే అక్కణ్ణుంచి నేరుగా ఠాణాకే పోవాలి, ఊరికి కాదు.

ఈ రోజే డ్రైవర్ని వైద్య పరీక్షకి పంపమని ఐఓని (దర్యాప్తు అధికారిని) మీరే అడగండి. రక్తంలో మద్యం 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. తాగలేదన్న రిపోర్టు ఈ పూట తీసుకుంటేనే పనికొస్తుంది. రేపు తీస్తే ఎవరూ నమ్మరు.

సంతకాలు జాగ్రత్త. ఒడియాలో రాసిన కాగితం ఏదైనా గట్టిగా చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం. దర్యాప్తులో పోలీసు రాసుకునే వాంగ్మూలం మీద అసలు సంతకం పెట్టించకూడదు, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 181 అదే చెబుతుంది. సంతకం అవసరమయ్యేవి సీజర్ లిస్టు (పోలీసు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా), హాజరు నోటీసు, జామీను కాగితం లాంటివి. ఖాళీ కాగితం మీద సంతకం ఎవరు అడిగినా పెట్టొద్దు. సీజర్ లిస్టులో ఆర్సీ, పర్మిట్, లైసెన్సు, స్టెప్నీ, బ్యాటరీలు, టార్పాలిన్ ఒక్కొక్కటీ పేరు పేరునా రాశారో లేదో చూడండి. అందులో లేని వస్తువు తరవాత కనపడకపోతే అడగడం కష్టం.

మామూలుగా పెట్టే సెక్షన్లు బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 281 (అజాగ్రత్త డ్రైవింగ్), 125 (అజాగ్రత్తతో గాయపరచడం). రెండూ బెయిలబుల్. చావు ఉండి 106(1) పడినా అదీ బెయిలబులే, శిక్ష మాత్రం 5 ఏళ్ల దాకా. ఠాణాలోనే బెయిలు అడగొచ్చు. కాకపోతే బెయిలుదారు ఒడిశా వాడైతే ఆ పూటే పని అవుతుంది. బరంపురంలో సొంత ఇల్లున్న చుట్టం ఎవరైనా ఉంటే పట్టా కాగితంతో రెడీగా ఉండమనండి.

50,000 మాట పక్కన పెట్టండి. 281 రాజీకి వచ్చే సెక్షన్ కాదు, పెద్దమనుషుల కాగితంతో ఎఫ్‌ఐఆర్ చెరగదు. పైగా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాటివ్వడం పాలసీ షరతుకి విరుద్ధం. మందులకి, స్కానింగుకి సాయం చేయాలనుకుంటే ఆస్పత్రి బిల్లు నేరుగా కట్టి రసీదు మీ దగ్గర పెట్టుకోండి. అది మానవత్వం, రాజీ కాదు.

స్పాట్_సర్వే

పై మాటకి చిన్న సవరణ. తియ్యండి, కానీ కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నాక తియ్యండి. పది నిమిషాల పని. గూడ్సు బండికి స్పాట్ సర్వే (జరిగిన చోటే ఇన్సూరెన్స్ వాళ్లు చూడటం) అడిగేది రెండు కారణాలకి: లోడు ఎంత ఉంది, డ్రైవింగ్‌లో ఎవరున్నారు. బండి గ్యారేజీకి చేరాక ఈ రెండూ ఎవరూ తేల్చలేరు. పోలీసు తీయించాడంటే సర్వేయరు ఒప్పుకుంటాడు, ముందే క్లెయిమ్ నంబరు పడి ఉంటే, ఫోటోల్లో సమయం కనబడితే. ఫోన్ చెయ్యకుండా మూడో రోజు చెప్పేవాళ్లకే గొడవంతా.

సర్వేయరుకి కావలసినవి: ఆర్సీ, ఫిట్‌నెస్, నేషనల్ పర్మిట్, టాక్సు, పొల్యూషన్, లైసెన్సు, బిల్టీ (ట్రాన్స్‌పోర్టు రసీదు), ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్‌టీ పోర్టల్‌లో తీసే బిల్లు), కాటా స్లిప్పు (తూకం చీటీ), ఎఫ్‌ఐఆర్ కాపీ. ఎఫ్‌ఐఆర్ ఒడియాలో ఉంటే పర్వాలేదు, అనువాదం తరవాత ఇవ్వొచ్చు. ఫిట్‌నెస్, పర్మిట్, లైసెన్సు యాక్సిడెంట్ రోజుకి చెల్లుబాటులో ఉన్నాయా అన్నదే మొదటి చూపు. వాటి తేదీలు ఇక్కడ పెట్టండి.

డబ్బు ఎక్కడ తగ్గుతుందో ఇప్పుడే తెలుసుకోండి, తరవాత గుండె బాదుకోకుండా. మామూలు గూడ్సు పాలసీలో క్రేను, టోయింగ్‌కి ఇచ్చేది 2,500 దగ్గరే ఆగుతుంది. క్రేను బిల్లు దానికి ఎన్నో రెట్లుంటుంది. ఎక్స్‌ట్రా టోయింగ్ కవర్ ఉందేమో పాలసీలో చూడండి. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, టైర్లలో సగం కోత. ఇనప భాగాలకి బండి వయసుని బట్టి కోత. అద్దానికి కోత లేదు. ఐఎంటీ 23 అనే అదనపు కవర్ తీసుకోకపోతే బంపరు, హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు, పెయింటు లాంటివి బండి పూర్తిగా పోతే తప్ప ఇవ్వరు. ముందు భాగం నుజ్జయిన బండికి ఇదే పెద్ద దెబ్బ. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. 50,000 దాటిన రిపేరుకి లైసెన్సు ఉన్న సర్వేయరు తప్పనిసరి. అతను చూసేదాకా గ్యారేజీలో ఒక్క బోల్టు విప్పనివ్వొద్దు, తరవాత పాత పార్టులు పారెయ్యనివ్వొద్దు.

గంజాం_బామ్మర్ది

క్లెయిమ్ నంబరు తీసుకున్నాను. ఫిట్‌నెస్, పర్మిట్ ఉన్నాయి. చిక్కు లైసెన్సు దగ్గర వచ్చింది. డ్రైవరు హెవీ లైసెన్సు గడువు 3 వారాల కింద ముగిసింది. 30 రోజులు గ్రేస్ ఉంటుందని ఒకరంటున్నారు. ఇంకొకరు, మన దగ్గర లైసెన్సున్న ఇంకో డ్రైవర్ని చూపించమంటున్నారు.

కచేరీ_వీధి

రెండోది వినకండి. ఠాణాలో కూర్చున్నది ఎవరో స్టేషన్ డైరీలో పడిపోయింది. క్లీనర్ ఆస్పత్రి చీటీలో ‘ఫలానా డ్రైవర్ నడుపుతుండగా’ అని రాసి ఉంటుంది. టోల్ గేటు కెమెరాలో మొహం ఉంటుంది, ఫోన్ లొకేషన్ ఉంటుంది. డ్రైవర్ని మార్చారని తేలితే సొంత నష్టం క్లెయిమ్ మొత్తం పోతుంది, బావగారి మీద తప్పుడు సాక్ష్యం కేసు అదనం. గడువు మీరిన లైసెన్సు తక్కువ నేరం, దాన్ని ఎక్కువ నేరం చేసుకోవద్దు.

30 రోజుల గ్రేస్ ఇదివరకు ఉండేది. 2019 సవరణలో తీసేశారు. ఇప్పుడు ఏడాది లోపల దరఖాస్తు చేస్తే రెన్యువల్ అవుతుంది, కానీ చెల్లుబాటు రెన్యువల్ అయిన రోజు నుంచే. యాక్సిడెంట్ రోజుకి వెనక్కి పోదు.

దీనివల్ల ఏం పోతుంది? బండి రిపేరు డబ్బు పోవచ్చు. కుర్రాడి పరిహారం మాత్రం పోదు. ఇలాంటి చోట యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునల్ సాధారణంగా కంపెనీనే ముందు కట్టమని, తరవాత ఓనరు నుంచి రాబట్టుకోమని అంటుంది. అంటే ఆ భారం చివరికి బావగారి మీదకి రావచ్చు. అందుకే ఈ లైసెన్సు ముందెప్పుడు ఇచ్చారు, ఏ ఆర్‌టీఓది, ఎప్పుడూ రద్దు కాలేదన్న వివరం ఆన్‌లైన్‌లో తీసి పెట్టండి. ‘నడపడం రానివాడు’, ‘రెన్యువల్ ఆలస్యమైనవాడు’ ఒకటి కాదని వాదించడానికి అదే ఆధారం. ఇంకో ముచ్చట: 7,500 కిలోల లోపు బండికి లైట్ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పిన తీర్పుని కొందరు ఇక్కడ పట్టుకొస్తారు. పది చక్రాల లారీకి అది వర్తించదు.

సుంకి_ఘాట్_గ్యారేజ్

కాగితాల సంగతి పెద్దలు చెప్పారు. ఇనుము సంగతి నేను చెబుతా, క్రేను కుర్రాళ్లు తొందర్లో పాడుచేసేది అదే.

మొదట బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్ తిప్పండి. స్విచ్ లేకపోతే నెగటివ్ టెర్మినల్ ముందు విప్పాలి. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ ఛాసిస్‌కి తగిలి నిప్పు రవ్వ లేస్తుంది, కింద డీజిలు కారి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. డీజిలు కారితే ఇసక పొయ్యండి, నీళ్లు కాదు. నీలం మూత ఉన్న ట్యాంకులో ఉండేది యూరియా నీళ్లు, దానికి మంట భయం లేదు.

బ్రేకు గాలి లీకై గేజు సుమారు 5 బార్ కిందికి పడితే వెనక చక్రాలు వాటంతటవే పట్టేస్తాయి. స్ప్రింగ్ బ్రేక్ పని అదే. అలా పట్టేసిన బండిని క్రేను ఈడిస్తే టైర్లు చదరంగా అరుగుతాయి, డ్రమ్ములు మాడతాయి. ముందు చక్రాలకి అడ్డు దుంగలు పెట్టి, ఆ తరవాత బ్రేకు చాంబర్ వెనక మూత తీసి కేజింగ్ బోల్టు (లోపలి స్ప్రింగుని వెనక్కి లాగి పట్టి ఉంచేది) దూర్చి, తిప్పి, నట్టు బిగించాలి. ఆ బోల్టు చాలా చాంబర్లకి పక్కనే తగిలించి ఉంటుంది. అడ్డు పెట్టకుండా బోల్టు బిగించారో బండి దొర్లుతుంది. చాంబర్ చుట్టూ ఉన్న క్లాంపు జోలికి మాత్రం పోవద్దు, లోపలి స్ప్రింగు మనిషిని చంపేస్తుంది.

వెనక చక్రాలు నేల మీద ఉంచి ఈడిస్తే ప్రొపెల్లర్ షాఫ్టు గానీ యాక్సిల్ షాఫ్టులు గానీ విప్పాల్సిందే. ఇంజను ఆగి ఉంటే గేర్‌బాక్సులో ఆయిలు పైకి లేవదు, చక్రాలు తిరిగినకొద్దీ లోపల బేరింగులు కాలిపోతాయి. యాక్సిడెంట్‌లో పోని గేర్‌బాక్సు దారిలో పోతుంది, దానికి ఇన్సూరెన్సు ఇవ్వరు.

సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కే 26వ నంబరు రోడ్డు మీద ఇలా జరిగితే ట్రయాంగిల్ 50 మీటర్ల దూరంలో పెట్టామనుకుంటే చాలదు. మలుపుకి అవతల, పైన ఒకటి, కింద ఒకటి పెట్టాలి. అక్కడ దిగే బండి ఆగడానికి మైదానం లెక్క పనికిరాదు.

ఇంకొకటి. మోటారు ఇన్‌స్పెక్టర్ బండి చూసేటప్పుడు మనిషి పక్కనే ఉండండి. గాలి పైపు గుద్దుకుని తెగితే బ్రేకు పరీక్ష జరగదు. అప్పుడు ‘యాక్సిడెంట్ దెబ్బ వల్ల పరీక్షించలేదు’ అని రాయమనండి. ఉత్తి ‘బ్రేకు పనిచేయడం లేదు’ అని రాస్తే, పనికిరాని బ్రేకుతో నడిపారని కోర్టులో చదువుతారు.

బిల్టీ_బాబు

లోడు గురించి ఎవరూ చెప్పలేదు. జీడిపప్పు అంటే తేమ తగిలితే, బాక్సు పగిలితే ధర సగమయ్యే సరుకు. ఈ రాత్రే మార్చడం మంచిది.

ముందు సరుకు యజమానికి, వాళ్ల ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉంటే వాళ్లకి వాట్సాప్‌లోనైనా సరే రాతలో చెప్పండి. వాళ్ల సర్వేయరు రాకముందు బాక్సులు దించాల్సొస్తే, దించేటప్పుడు లెక్కపెట్టి పగిలినవి, తడిసినవి విడిగా పేర్చి ఫోటో తియ్యండి. సీజర్ లిస్టులో బండి మాత్రమే ఉందా, సరుకు కూడా రాశారా చూసుకోండి. సరుకు రాయకపోతే ఐఓకి ఒక అర్జీ పెట్టి, ఇద్దరు సాక్షుల సంతకాలతో కొత్త బండికి ఎక్కించండి.

సరుకు కదలకముందే ఈ-వే బిల్లు పార్ట్ బీలో కొత్త బండి నంబరు ఎక్కించాలి. నంబరు మార్చకుండా కదిలితే ముందు గేటులో జీఎస్‌టీ వాళ్లు పట్టుకుంటే వాళ్ల తప్పు కాదు. పలాస నుంచి కటక్ 200 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి మీ బిల్లుకి 2 రోజుల గడువు ఉంటుంది. ఈ గొడవలో అది దాటితే, గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు. కారణాల జాబితాలో ‘యాక్సిడెంట్’ అనే ఉంటుంది, ఎఫ్‌ఐఆర్ లేదా డైరీ నంబరు రాయండి. ఆ 8 గంటలు దాటితే పోర్టల్ ఒప్పుకోదు.

సరుకు వాళ్లకి: నష్టం అడగాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లో ట్రాన్స్‌పోర్టుకి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఎక్కువ విలువ ప్రకటించి బుక్ చేయకపోతే ట్రాన్స్‌పోర్టు బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. జీడిపప్పుకి అది ఏ మూలకీ రాదు, వాళ్ల ట్రాన్సిట్ పాలసీయే దిక్కు.

పర్లాకిమిడి_నుంచి

కుర్రాడి వైపు నుంచి ఒక మాట. ఆ ఇంటివాళ్లు 50,000 అడుగుతున్నారంటే వాళ్లకి హక్కులు తెలియవని అర్థం. మీరు చెబితే మీకే మంచిది, వాతావరణం చల్లబడుతుంది.

యాక్సిడెంట్ రోజు నుంచి 7 రోజుల పాటు, 1.5 లక్షల దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. పథకంలో చేరిన ఆస్పత్రి కావాలి, పోలీసు యాక్సిడెంట్ నిజమేనని పోర్టల్‌లో ధ్రువీకరించాలి. ఆ రెండో పనికి ఐఓ వెనక పడాలి.

పరిహారం లెక్క చూపిస్తా. నెలకి 12,000 సంపాదించేవాడు, వయసు 24, కాలు వల్ల పని సామర్థ్యంలో 20 శాతం పోయిందని తేలిందనుకుందాం. ఆదాయానికి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 16,800. ఏడాదికి 2,01,600. ఆ వయసుకి గుణకం (ఎన్నేళ్ల ఆదాయం లెక్కించాలో చెప్పే అంకె) 18. మొత్తం 36,28,800లో 20 శాతం అంటే 7,25,760. వైద్యం ఖర్చు, నొప్పికి ఇచ్చేది అదనం. బైకు వాడి తప్పు కూడా ఉందని తేలితే ఆ వాటా తగ్గుతుంది. దీని పక్కన 50,000 ఎక్కడ?

ట్రిబ్యునల్‌లో పరిహారం పిటిషన్ యాక్సిడెంట్ జరిగిన 6 నెలల్లో వెయ్యాలి. జరిగిన చోటే వెయ్యాలని లేదు. బాధితుడు ఉండే చోట, పని చేసే చోట, లేదా బండి యజమాని ఉండే చోట కూడా వెయ్యొచ్చు. కాబట్టి ఆ కుర్రాడు ఇచ్ఛాపురం వైపు వాడైతే శ్రీకాకుళం జిల్లాలోనూ కుదురుతుంది. మీ క్లీనర్‌కి ఉద్యోగి పరిహారం దారి కూడా ఉంది, కానీ అదీ ట్రిబ్యునలూ రెండూ కావు, ఒకటే ఎంచుకోవాలి.

అదే, కొట్టిన బండి ఏదో తెలియకుండా పారిపోయుంటే లెక్క వేరు. చావుకి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ప్రభుత్వ నిధి నుంచి ఇస్తారు.

గంజాం_బామ్మర్ది

అందరికీ ధన్యవాదాలు. కేజింగ్ బోల్టు చాంబర్ పక్కనే ఉంది, క్రేనువాడికి చూపిస్తే వాడికి తెలియనే తెలియదు. కొత్త బండి దొరికింది, పార్ట్ బీ మార్చాం. ఠాణా నుంచి బండి ఎలా విడిపించాలో మిగిలింది.

కచేరీ_వీధి

మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్ ప్రకారం మోటారు ఇన్‌స్పెక్టర్ తనిఖీ కోసం తీసుకెళ్తే ఆ పని అయ్యాక 24 గంటల్లో ఇచ్చెయ్యాలి. కానీ కేసు ఆస్తిగా సీజు చేస్తే ఎస్‌డీజేఎం (సబ్ డివిజనల్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్) కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 497, 503 కింద విడుదల పిటిషన్ వెయ్యాలి. ఓనరే వెయ్యాలి, ఫైనాన్స్ ఉంటే వాళ్ల కాగితం జత చెయ్యాలి. చెల్లుబాటయ్యే థర్డ్ పార్టీ పాలసీ చూపిస్తే తొందరగా అవుతుంది. ఠాణా ఆవరణలో బండ్లని 15 రోజుల నుంచి నెలకి మించి ఉంచకూడదని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, పిటిషన్‌లో రాయించండి. విడుదలయ్యేటప్పుడు జిమ్మానామాలో (బండి అప్పగిస్తూ రాయించుకునే పూచీ పత్రంలో) అమ్మనని, రంగు మార్చనని, కోర్టు పిలిస్తే చూపిస్తానని షరతులుంటాయి. రిపేరుకి ముందు పంచనామా ఫోటోలు కోర్టు ఫైల్లో చేరాయో లేదో చూసుకోండి. చేరకుండా రిపేరు చేస్తే సాక్ష్యం పాడుచేశారంటారు.

రెండు ఫారాలు మరవకండి: డ్రైవరు ఫారం 3, ఓనరు ఫారం 4, యాక్సిడెంట్ అయిన 30 రోజుల్లో ఐఓకి ఇవ్వాలి. లైసెన్సు గడువు ఉన్నది ఉన్నట్టు రాయండి.

స్పాట్_సర్వే

టోల్ గేటు కెమెరాలో పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంది. బైకు ఎటువైపు నుంచి వచ్చిందన్నది మీకు ముఖ్యమైతే, ఐఓకీ టోల్ మేనేజరుకీ ఈ రోజే అర్జీ ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. లారీ జీపీఎస్ కంపెనీని కూడా ఆ గంట స్పీడు రిపోర్టు అడగండి. ఫాస్టాగ్ మెసేజీలు డిలీట్ చెయ్యొద్దు.